మే నెల ఎండలో రోజంతా గాలం వేసేవాళ్లు సద్ది ఎలా కట్టుకోవాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మే నెలలో నాగార్జునసాగర్ వెనుక నీళ్ల ఒడ్డుకు నలుగురు వెళ్తున్నారు: మీరు, మీ స్నేహితుడు, పదకొండేళ్ల బాబు, షుగర్ మాత్రలు వేసుకునే మీ నాన్నగారు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. పోయినసారి టమాటా రైస్ పదకొండింటికే జిగురొచ్చింది, చపాతీలు చెమటపట్టి ముద్దయ్యాయి, నీళ్లు మధ్యాహ్నం రెండింటికే అయిపోయాయి. ఈ మూడూ వేరువేరు తప్పులు, మూడింటికీ వేరువేరు కారణాలు ఉన్నాయి. ఆ కారణాలు తెలిస్తే ఏం వండుకోవాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది.

టమాటా రైస్ సంగతి ముందు. అన్నం పాడయ్యేది పైనుంచి పడే దుమ్మువల్ల మాత్రమే కాదు. బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా, తడిగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాసన కూడా రాకపోవచ్చు. అందుకే "వాసన బాగానే ఉంది కదా" అని తినడం నమ్మదగ్గ పరీక్ష కాదు. మే నెలలో వేడి వేడి అన్నాన్ని స్టీలు డబ్బాలో కుక్కి మూత బిగిస్తే లోపల సరిగ్గా ఆ గోరువెచ్చని తడే నాలుగైదు గంటలు నిలుస్తుంది. మూత కింద పట్టిన ఆవిరి నీళ్లై మళ్లీ అన్నం మీదే పడుతుంది. పై పొర ముందుగా జిగురొచ్చేది ఇందుకే. పైగా టమాటా, ఉల్లిపాయ, బఠాణీ, క్యారెట్ అన్నీ నీళ్లు వదిలే సరుకులు, టమాటా పులుపు చింతపండు పులుపుకు సాటి రాదు. వెజిటబుల్ బిర్యానీ, కొబ్బరన్నం, పుదీనా రైస్ కూడా ఇదే కోవలోవి. రుచిగా ఉంటాయి, కానీ ఒడ్డు మీద మధ్యాహ్నం దాకా ఆగే తిండి కాదు.

కాబట్టి మధ్యాహ్నం భోజనానికి చింతపండు పులిహోరే సరైనది. గుళ్లో ప్రసాదంగా, పెళ్లి ప్రయాణాల్లో మూటగా అది ఇన్ని తరాలు నిలబడటం ఊరికే కాదు. పులుపు, ఉప్పు, నూనె, పసుపు నాలుగూ కలిసి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మది చేస్తాయి. కానీ ఆ నాలుగూ తగిన మోతాదులో పడాలి. ఇంట్లో వెంటనే తినే పులిహోర కన్నా దారికి కట్టే పులిహోరలో పులుపు, నూనె ఒక పాలు ఎక్కువ ఉండాలి.

నలుగురికి 400 గ్రాముల బియ్యం చాలు, ఉడికితే కిలో పైనే అవుతుంది. ఏడాది పాత సోనామసూరి తీసుకోండి, కొత్త బియ్యం అంటుకుపోతుంది. గిన్నెలో వండితే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, కుక్కర్లో అయితే గ్లాసుంపావుకు తగ్గకుండా, గ్లాసున్నరకు మించకుండా. చింతపండు గింజలు, ఈనెలు తీశాక 80 గ్రాములు, దాన్ని 300 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా పిండండి. ఆ పులుసులో అర చెంచా పసుపు, చీల్చిన పచ్చిమిరపకాయలు ఎనిమిది, నాలుగు చెంచాల ఉప్పు, ఉసిరికాయంత బెల్లం, రెండు రెబ్బల కరివేపాకు, మూడు పెద్ద చెంచాల నూనె వేసి సన్నటి మంట మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఉడికించాలి. గుజ్జు గరిటెకు పట్టుకుని, నూనె అంచుల్లో తేలితే అయినట్టు. నూనె తేలకముందే దించితే పులుసులో నీళ్లు మిగిలి ఉంటాయి, ఆ నీళ్లే తర్వాత అన్నాన్ని పాడు చేస్తాయి. చాలామంది తప్పిపోయేది ఈ ఒక్క చోటే.

ఈ గుజ్జును ముందురోజు రాత్రే చేసి పెట్టుకోండి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. అన్నం మాత్రం ముందురోజు వండొద్దు. తెల్లవారుజామున మూడింటికి వండి, పెద్ద బేసిన్‌లో లేదా రెండు వెడల్పాటి పళ్లాల్లో అంగుళం మందాన పరిచి, రెండు పెద్ద చెంచాల నూనె, పచ్చి కరివేపాకు వేసి ఫ్యాన్ కింద పెట్టండి. ఇరవై నిమిషాల్లో ఆవిరి పోతుంది. అప్పుడు వేడి చేసిన గుజ్జు, తాలింపు కలపండి. ఆవపిండి కలిపే అలవాటుంటే ఒక చెంచా చాలు, ఎక్కువైతే మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. వేయించిన వేరుశనగ గుళ్లు అన్నంలో కలపకుండా వేరే పొట్లం కట్టి తినేముందు చల్లుకోండి, లేకపోతే మెత్తబడి పంటికింద తెలియవు. చేతి వెనుక భాగం ఆనిస్తే అన్నం వెచ్చదనం తెలియని స్థితికి వచ్చాకే డబ్బా మూత పెట్టాలి. దీన్ని ఒంటిగంట లోపు తినేయండి. పులిహోర సాయంత్రం దాకా ఉంటుందనే మాట చలికాలానికి నిజం కావచ్చు, మే నెల ఒడ్డు మీద దాన్ని నమ్ముకోవద్దు.

అల్యూమినియం డబ్బాలో, అల్యూమినియం రేకులో పులిహోర కట్టకండి. చింతపండు పులుపుకు ఆ లోహం కరుగుతుంది, రేకుకు సన్న చిల్లులు కూడా పడతాయి. స్టీలు డబ్బా మంచిది. అంతకన్నా మంచిది అరటాకు పొట్లం. ఆకును మంట మీద ఒక్కసారి అటూ ఇటూ చూపి వాడిస్తే చిరగకుండా మడత పడుతుంది. మనిషికొక పొట్లం చొప్పున కట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు కదిలిందని ఒకరు సగంలో లేచి వెళ్లినా మిగతావాళ్ల డబ్బాలో ఎవరూ ఎర చేతులు పెట్టరు.

ఆ ఎర చేతుల మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గాలం వేసేవాళ్లు వాంతులు, విరేచనాలతో మంచం పట్టడానికి వంట ఎంత కారణమో చేతులూ అంతే కారణం. ఎర్రలు పట్టిన చేయి, తౌడు, వేరుశనగ చెక్క పిండిన చేయి, చేప జిగురు అంటిన చేయి, దోమల క్రీము రాసుకున్న చేయి, ఇవన్నీ కలిసి అన్నంలోకి వెళ్తాయి. జలాశయం నీళ్లలో ముంచి తీస్తే చేయి కడిగినట్టు కాదు. ఐదు లీటర్ల డబ్బా ఒకటి చేతులకు మాత్రమే ప్రత్యేకంగా పెట్టుకోండి, కొళాయి ఉన్నదైతే ఇంకా మేలు. ఒక సబ్బు ముక్కను పాత సాక్సులోనో నైలాను సంచిలోనో వేసి డబ్బాకు కట్టేయండి, మట్టిలో పడదు. చేప నీచు సబ్బుకు పూర్తిగా పోదు. పిండేసిన నిమ్మ చెక్కతో గానీ నానిన చింతపండు పిప్పితో గానీ రుద్ది కడగండి. ఆ వాసనకు కారణమైన పదార్థాలను పులుపు విరిచేస్తుంది. పులుసు పిండగా మిగిలిన పిప్పిని పారేయకుండా చిన్న డబ్బాలో తెచ్చుకుంటే సరిపోతుంది. ఎర పెట్టే డబ్బాకు తిండి డబ్బాకు పోలిక లేకుండా చూసుకోండి. గోధుమపిండిలో ఇంగువ కలిపిన ఎర ముద్ద చూడ్డానికి చపాతీ పిండిలాగే ఉంటుంది, పక్కన పిల్లవాడు ఉన్నాడు.

దద్దోజనం కూడా ఖాయంగా పెట్టుకోండి, పులిహోర తర్వాత కడుపు చల్లబడాలి. కానీ పెరుగు కలిపిన అన్నం తీసుకెళ్లకూడదు, పాలు కలిపిన అన్నం తీసుకెళ్లాలి. పెరుగు కలిపితే తొమ్మిదింటికే పులిసిపోతుంది. 150 గ్రాముల బియ్యాన్ని మూడున్నర రెట్ల నీళ్లతో మెత్తగా వండి, గరిటెతో మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచి చల్లార్చిన పాలు అర లీటరు పోసి, ఒక చెంచా తియ్యటి పెరుగు తోడు వేయండి. అన్నం వేడిగా ఉండగా తోడు వేస్తే తోడు చచ్చిపోతుంది, పాలన్నం పాలన్నంగానే ఉండి విరుగుతుంది. చెంచా కన్నా తోడు తగ్గించడమూ మంచిది కాదు, పులుపు ఎక్కేలోపే అక్కర్లేని క్రిములు పెరిగే సందు దొరుకుతుంది. దారిలో తోడుకుంటూ వెళ్లి పదకొండు, పన్నెండు మధ్య సరిగ్గా కమ్మగా ఉంటుంది. అప్పటికింకా ఆకలి లేకపోతే ఐసు పెట్టెలోకి మార్చండి. తాలింపులో అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, ఆవాలు, మినప్పప్పు చాలు. ఉల్లిపాయ, కీరా, దానిమ్మ గింజలు అందులో కలపొద్దు, అవి పక్కన ఉండాలి. నంజుకోవడానికి వేయించిన చల్ల మిరపకాయలు, ఆవకాయ ముక్క.

ఇక చపాతీలు. అవి ముద్దవడానికి పిండి కాదు, పెనం మీద నుంచి తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి డబ్బాలో పెట్టడమే కారణం. ప్రతి చపాతీని గుడ్డ మీద విడిగా రెండు నిమిషాలు ఆరనిచ్చి, అన్నీ చల్లారాక పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. పిండిని పాలతో కలిపితే మెత్తగా ఉంటుంది గాని త్వరగా పాడవుతుంది. వేడి నీళ్లు, 200 గ్రాముల పిండికి రెండు చెంచాల నూనె, చిటికెడు ఉప్పు చాలు. బంగాళాదుంప కూర, పప్పు వద్దు. వేరుశనగ పొడి లేదా నువ్వుల పొడి నూనెలో కలిపి చపాతీ లోపల రాసి, చుట్ట చుట్టి, సగం దాకా కాగితం చుట్టి ఇవ్వండి. ఒక చేత్తో గాలపు కర్ర, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని తినొచ్చు. వేళ్లు తిండికి తగలవు. ఒడ్డు తిండిని ఎంచుకునేటప్పుడు "దీన్ని నిలబడి, ఒక్క చేత్తో, కంచం లేకుండా తినగలమా" అని అడిగి చూసుకోండి, సగం పదార్థాలు అక్కడే జాబితాలోంచి జారిపోతాయి.

మీ నాన్నగారికి పులిహోర కొద్దిగా పెట్టి, జొన్న రొట్టెలు ఎక్కువ పెట్టండి. మెత్తటి జొన్న రొట్టె మధ్యాహ్నానికి తోలులా సాగుతుంది, అందుకే పల్చగా తట్టి సన్నటి సెగ మీద తేమ పూర్తిగా పోయేదాకా కాల్చి కరకరలాడే కడక్ రొట్టెలుగా చేయండి. ఇవి తడి తగలకపోతే రెండు మూడు రోజులైనా చెడవు. వెల్లుల్లి కారం, ఉడికించిన గుడ్డుతో తింటారు. చేపలు బాగా పడుతున్నాయని భోజనం గంట వెనక్కి నెట్టడం షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లకు ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే ఎండ దెబ్బ అనుకుని పడుకోబెట్టకండి. చక్కెర పడిపోయిందేమోనని ముందు అనుమానించి మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజునో, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి ఇచ్చి ఆసుపత్రికి బయలుదేరండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. ఆ చక్కెర పొట్లం ఆయన చొక్కా జేబులోనే ఉండాలి, కారులో కాదు.

ఉదయం వేళ సంగతికి వస్తే, చేప బాగా ఎర అందుకునేది వెలుగు వచ్చీ రాని సమయంలో. ఆ గంటన్నర ఎవరూ కూర్చుని తినరు. అందుకే ఇంట్లోంచి బయలుదేరేముందే తలా ఒక గిన్నె చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయతో తిని వెళ్లండి. రాత్రి అన్నం చల్లారగానే నీళ్లు పోసి కాస్త మజ్జిగ చుక్క వేసి మూత పెట్టినదైతేనే అది చద్దన్నం, వంటింట్లో ఊరికే వదిలేసిన అన్నం కాదు. ఒడ్డు మీద ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఇడ్లీలు. నలుగురికి పధ్నాలుగు పదిహేను చాలు. పూర్తిగా చల్లారాక ఒక్కోదానికి రెండు వైపులా నువ్వుల నూనె, కారప్పొడి పట్టించి పేర్చండి. కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ ఏ రూపంలోనూ వద్దు. ఈ ఎండలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది తడి కొబ్బరే. గుడ్లు ఆరు ఉడకబెట్టి పెంకుతోనే ఐసు పెట్టెలో ఉంచండి. పెంకు తీసిన గుడ్డు బయట గంట దాటితే పారేయాల్సిందే.

మాంసం గురించి మీ స్నేహితుడు అడిగారు. చికెన్ కూర, బిర్యానీ మధ్యాహ్నానికి దాచుకునే ఉద్దేశం ఉంటే మానుకోండి. నీచు రుచి కావాలంటే ఎండు రొయ్యల పొడి చేసుకోండి. తలలు, తోకలు తీసిన ఎండు రొయ్యలు 100 గ్రాములు దోరగా వేయించి, పది ఎండుమిర్చి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, కొద్ది ఉప్పుతో దంచితే నలుగురికి రోజంతా వస్తుంది. తేమ లేదు కాబట్టి బెంగ లేదు. వెల్లుల్లి పచ్చిది కాకుండా వేయించినదే వేయండి.

నీళ్లు. పోయినసారి మీరు ముగ్గురికి ఆరు లీటర్లు తీసుకెళ్లామన్నారు, అది సగం కూడా కాదు. 42 డిగ్రీల ఎండలో పొద్దున్నుంచి రాత్రి దాకా పెద్దవాళ్లకు తలా ఐదు లీటర్లు, బాబుకు మూడు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి కారులో ఉంచి సీసాల్లోకి వంచుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకొకసారి గ్లాసు చొప్పున తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఆలస్యమైనట్టే. ఒట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, కండరాలు పట్టేస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి, పొట్లం మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి. పొట్లాలు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు అంచుకు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు ఎక్కువ. మీ నాన్నగారికి చక్కెర వేసింది కాకుండా ఉప్పు వేసిన పల్చటి మజ్జిగే ఇవ్వండి. బీపీ కూడా ఉండి ఉప్పు తగ్గించమని చెప్పి ఉంటే ఆ ఉప్పు కూడా డాక్టరును అడిగాకే.

మజ్జిగకు ఒక పాలు పెరుగు, నాలుగు పాళ్లు నీళ్లు, దంచిన అల్లం, కరివేపాకు. సగం సీసా రాత్రే గడ్డ కట్టించి పొద్దున మిగతా సగం పోస్తే పదకొండింటి దాకా పులవదు. నీళ్ల సీసాలు కూడా రాత్రి నాలుగు గడ్డ కట్టించండి, ముప్పావు వంతుకే నింపి. నీరు గడ్డ కడితే దాదాపు పదో వంతు ఉబ్బుతుంది, నిండా పోస్తే సీసా పగులుతుంది. ఇవే ఐసు పెట్టెకు ఐసు, కరిగాక తాగే నీళ్లు. విడి ఐసు ముక్కలు కొని తిండి డబ్బాల మీద వేస్తే కరిగిన నీళ్లు మూతల్లోంచి లోపలికి దిగుతాయి. క్యానుకు తడి గోనెసంచి చుట్టి గాలి ఆడే నీడలో పెట్టండి, తడి ఆరేకొద్దీ లోపల చల్లబడుతుంది. నీడ జరుగుతుందని మర్చిపోకండి. పొద్దున చెట్టు కింద పెట్టిన పెట్టె పదింటికి ఎండలో ఉంటుంది. గంటకోసారి జరిపే పని బాబుకు అప్పగిస్తే ఇష్టంగా చేస్తాడు. మూసిన కారులో మాత్రం తిండి ఏదీ ఉంచొద్దు, లోపలి వేడి బయటి ఎండను మించిపోతుంది.

చేపలకు వేరే థర్మోకోల్ పెట్టె తప్పనిసరి. చేప ఎంత బరువో అంత ఐసు, ఒక వరుస ఐసు, ఒక వరుస చేప. ఆ ఐసు ఎంత తెల్లగా కనిపించినా మజ్జిగలో వేయకూడదు. తిండి పెట్టెలో పట్టిన చేపను "కాసేపే కదా" అని పెట్టిన రోజే గుడ్లు, పళ్లు అన్నీ పారేయాల్సి వస్తుంది.

నాలుగింటి ఆకలికి వేరుశనగ పట్టీలు, జంతికలు, వేయించిన శనగలు, మరమరాలు, అరటిపళ్లు, జామకాయలు, కీరాలు. చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు కరిగి చేతికంటుతాయి. పుచ్చకాయ కోసి తేవద్దు, కాయగానే తెచ్చి అక్కడ కోసుకుని అప్పటికప్పుడు తినేయండి. అరటిపళ్లు పచ్చిమీదున్నవి కొనండి, మగ్గినవి సంచిలో నలిగి నల్లబడతాయి. తియ్యని వాసనకు చీమలు, కోతులు రెండూ వస్తాయి కాబట్టి సంచి నేల మీద కాకుండా కొమ్మకు వేలాడదీసి, జిప్పు వేసి ఉంచండి. కోతుల కళ్ల ముందు ప్లాస్టిక్ కవరు గలగలలాడించకండి.

పాల టీ ఫ్లాస్కులో పోస్తే మూడు గంటలకే వాసన మారుతుంది. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, తర్వాత అల్లం వేసి మరిగించిన టీ డికాక్షన్ మాత్రమే నింపండి. పాలపొడి, చక్కెర వేరుగా తెచ్చుకుని కప్పులో కలుపుకుంటే సాయంత్రం ఐదింటికి కూడా టీ టీలాగే ఉంటుంది, మీ నాన్నగారి కప్పులో చక్కెర వేయకుండా ఇవ్వడానికీ వీలవుతుంది.